ప్యాకెట్టు మారింది, పప్పు మారలేదు

నెల మొదటి వారంలో చిల్లర సరుకుల కొనుగోళ్లు పుంజుకోవడం మన మార్కెట్టుకు పాత సంగతే. కొత్త సంగతి ఏమంటే, ఆ కొనుగోళ్లలో కొంత వాటా పేరున్న బ్రాండ్లను వదిలి, సూపర్‌మార్కెట్లు సొంత పేరు వేసుకుని అమ్మే ప్యాకెట్ల వైపు మళ్లుతోంది. రిలయన్స్ వారి ‘గుడ్ లైఫ్’, డీమార్ట్ వారి ‘ప్రీమియా’, బిగ్‌బాస్కెట్ వారి ‘బీబీ రాయల్’, ‘బీబీ పాపులర్’ ఈ కోవలోవే. ఇటువంటి సరుకుల్లో చాలా వరకు పేరున్న బ్రాండు కంటే చౌక. గృహిణులు దీన్ని ఆదా అంటున్నారు. కిరాణా వర్తకులు దెబ్బ అంటున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే అసలు పాఠం టోకు వర్తకులకూ, బ్రోకర్లకూ, మిల్లర్లకూ ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒక ఇంటి లెక్క

వాదోపవాదాల కంటే లెక్క మేలని మా ఇంట్లోనే ఒక నెల ఈ మార్పు చేసి చూశాం. పప్పులు, పంచదార, ఉప్పు, బొంబాయి రవ్వ, గోధుమ పిండి, పోపు సామాను, వంటనూనె, కారం, టీ పొడి, బట్టల సబ్బు అన్నీ సూపర్‌మార్కెట్టు సొంత పేరు మీద ఉన్నవే తెచ్చాం. అంతకు ముందు నెల 5,900 రూపాయలైన బిల్లు 5,240 రూపాయలకు దిగింది. అంటే 660 రూపాయల ఆదా, 11 శాతం.

కాని నెలాఖరు దాకా ఆగితేనే నికర లెక్క తేలుతుంది. టీ పొడి రెండో రోజుకే మా అమ్మకు నచ్చలేదు. పాత రకం మళ్లీ కొనవలసి వచ్చింది. దానికి 180 రూపాయలు పోగా మిగిలింది 480 రూపాయలు. పాత బిల్లులో సుమారు 8 శాతం. ఏడాదికి 5,760 రూపాయలు. నెల జీతం మీద బతికే కుటుంబానికి ఇది పిల్లల పుస్తకాల ఖర్చుకు పనికివచ్చే మొత్తం. తీసిపారేయదగ్గది కాదు.

ఆ ఆదా అన్ని సరుకుల్లో సమానంగా రాలేదన్నది గమనార్హం. పప్పులు, పంచదార, రవ్వ, పోపు సామానులో వచ్చినది నిలిచింది. కంపెనీ తనదైన పాళ్లలో కలిపి తయారు చేసే టీ పొడిలో నిలవలేదు. కారం సంగతి మధ్యస్థం. మిరపలో రంగుకు ఒక రకం, ఘాటుకు ఒక రకం వేరువేరుగా ఉంటాయని గుంటూరు యార్డు ఎరిగిన వారికి చెప్పనక్కర లేదు. ప్యాకెట్టు మీద ఆ రకం పేరు లేనప్పుడు చౌక కారం కొనేకంటే ఎండుమిర్చి కొని మర పట్టించుకోవడం ఉత్తమం.

తగ్గేది దేని ధర?

కందిపప్పునే తీసుకుందాం. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశవాళీ కందులకు తోడు మయన్మారు, మొజాంబిక్, టాంజానియా, మలావీ దేశాల నుంచి కూడా కందులు వస్తున్నాయి. మిల్లులో పడి, పొట్టు పోయి, పాలిష్ అయి, గ్రేడు అయిన తరువాత ఆ పప్పు ఏ పేరున్న సంచిలోకి పోయినా పప్పే. పేరున్న బ్రాండు ధరలో పప్పు ఖరీదుతో పాటు ప్రకటనల ఖర్చు, కంపెనీ లాభం, స్టాకిస్టు కమిషను, చిల్లర వర్తకుని మార్జిను కలిసి ఉంటాయి. సూపర్‌మార్కెట్టు తన సొంత ప్యాకెట్టులో ప్రకటన ఖర్చును దాదాపుగా తీసేస్తుంది. మిల్లుకూ దుకాణానికీ నడుమ ఉన్న మెట్లను తగ్గిస్తుంది. అలా మిగిలిన దానిలో కొంత తన దగ్గర ఉంచుకుని కొంత కొనుగోలుదారుకు ఇస్తుంది. చౌక వెనుక ఉన్న రహస్యం ఇంతే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో కార్‌ఫూర్ సంస్థ 1976లోనే బ్రాండు పేరు లేకుండా 50 రకాల సరుకులు అమ్మకానికి పెట్టింది. ఆ మాటకొస్తే మన బేగంబజారు, విజయవాడ వన్‌టౌన్ అంగళ్లలో బస్తా మూతి విప్పి అమ్మిన సరుకుకు పేరెక్కడిది? పేరు లేని సరుకును ప్రపంచానికి నేర్పగలిగిన వారు, అదే సరుకుకు ఇంకొకరు పేరు పెట్టి అమ్ముతుంటే చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ‘భారత్’ పేరుతో శనగపప్పును కిలో 60 రూపాయలకూ, అదే ఏడాది నవంబరులో గోధుమ పిండిని కిలో 27.50కూ, 2024 ఫిబ్రవరిలో బియ్యాన్ని కిలో 29కీ అమ్మించింది. 2024 చివర్లో ఆ ధరలను 70, 30, 34 రూపాయలుగా సవరించింది. ఆ చౌకకు కారణం ప్రభుత్వ నిల్వలు, ఖజానా సొమ్ము. దానితో సూపర్‌మార్కెట్టు ప్యాకెట్టును గాని, కిరాణా ధరను గాని పోల్చి వర్తకుని తప్పు పట్టడం న్యాయం కాదు.

తూకంలో తిరకాసు

చౌక ప్యాకెట్టు అన్నదల్లా ఆదా కాదు. ప్యాకెట్ల తూకాలకు లోగడ ఉన్న ప్రామాణిక పరిమాణాల జాబితాను 2021 నవంబరు సవరణతో కేంద్రం తొలగించింది. దానితో కిలో, అర కిలో అన్న కట్టుబాటు సడలింది. 900 గ్రాములు, 450 గ్రాములు అన్నవి అరల మీదికి వచ్చాయి. నూనెలో ఇది మరీ హెచ్చు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కపక్కనే ఉన్న రెండు ప్యాకెట్లలో 910 గ్రాములది 160 రూపాయలు, 850 గ్రాములది 152 రూపాయలు అనుకుందాం. చేతికి తీసుకుంటే రెండూ ఒకటిగానే ఉంటాయి. రెండోది 8 రూపాయలు చౌక అనిపిస్తుంది. కిలోకు లెక్క కడితే మొదటిది 176 రూపాయల లోపు, రెండోది 178 రూపాయల 80 పైసలు. చౌకదే ప్రియం!

నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది గనుక హెచ్చు ఉష్ణోగ్రత వద్ద కొలత చూపి తక్కువ బరువు నింపే పద్ధతి కూడా ఉండేది. ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణాన్నీ బరువునూ ముద్రించాలని కేంద్రం 2022 ఆగస్టులో కంపెనీలను ఆదేశించి, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. 2021 సవరణలోనే మరో మేలు కూడా ఉంది. ప్యాకెట్టు కిలోకు లోపైతే గ్రాముకు ఎంత, కిలోకు పైనైతే కిలోకు ఎంత అన్న యూనిట్ ధరను ఎంఆర్‌పీతో పాటు ముద్రించాలి. పెద్ద అక్షరాల్లోని ధరను వదిలి ఈ చిన్న అక్షరాలను చదివే కొనుగోలుదారే నిజంగా ఆదా చేస్తాడు.

శెట్టిగారి బస్తా

మా వీధి చివర కిరాణా నడిపే శెట్టిగారికి ఈ లెక్కంతా చూపించాను. ఆయన కోపగించుకోలేదు. సూపర్‌మార్కెట్టు కందిపప్పు ప్యాకెట్టు తిప్పి వెనుక అచ్చు చదివించారు. ప్యాక్ చేసిన మిల్లు పేరు చూసి నవ్వి, తన కొట్లోని బస్తా కుట్టు దగ్గరకు తీసుకుపోయారు. అదే మిల్లు!

“ఆ పప్పే నా దగ్గర విడిగా కిలోకు రెండు రూపాయలు తక్కువ బాబూ. కాని ఇప్పటి వాళ్లు ప్యాకెట్టు లేందే చేత్తో ముట్టుకోరు” అన్నారు.

ఆయన మాటలో పన్ను కోణం కూడా ఉంది. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు రిజిస్టరైన బ్రాండు పప్పు బియ్యాలకు మాత్రమే 5 శాతం పన్ను ఉండేది. 2022 జులై 18 నుంచి 25 కిలోల లోపు ముందుగా ప్యాక్ చేసి లేబులు వేసిన వాటన్నింటికీ అది వర్తించింది. మన మిల్లర్లు వెంటనే 26 కిలోల బియ్యం బస్తా తెచ్చిన సంగతి అందరికీ ఎరుకే. ఆ బస్తా విప్పి విడిగా తూచి అమ్మే వర్తకునికి ప్యాకెట్టు మీద 5 శాతం వెసులుబాటు ఉంది. అయినా గిరాకీ ప్యాకెట్టుకే పోతున్నదంటే కారణం ధర కాదు.

మా ఇంట్లో ఆ కారణం వెంటనే తెలిసింది. “శెట్టిగారి పప్పు ఒక నెల మెత్తగా ఉడుకుతుంది, మరుసటి నెల ఎంతకీ ఉడకదు. ప్యాకెట్టు పప్పు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది” అన్నది మా ఇంటావిడ ఫిర్యాదు. శెట్టిగారిని అడిగితే ఒప్పుకున్నారు. ఏ వారం ఏ లాటు చౌకగా దొరికితే అది దించుకుంటారట. పెట్టుబడి తక్కువ గనుక ఒకే రకాన్ని పట్టి ఉండలేరు.

పేరున్న బ్రాండు ఇన్నేళ్లు హెచ్చు ధరకు అమ్మింది పప్పును కాదు, ఈ ఒకే రకపు భరోసాను. సూపర్‌మార్కెట్టు అదే భరోసాను తక్కువ ధరకు అమ్ముతోంది. వీధి వర్తకుడు పప్పు చౌకగా ఇస్తున్నాడు గాని భరోసా ఇవ్వలేకపోతున్నాడు.

వర్తకులు చేయవలసింది

సూపర్‌మార్కెట్టు కొనుగోలు అధికారి మిల్లుకు కాగితం పంపుతాడు: తేమ ఇంత, నూక ఇంత, పరగింజ ఇంత, సార్టెక్స్ చేసినదై ఉండాలి. సరుకు అందుకు భిన్నంగా ఉంటే లారీ తిరిగి వస్తుంది. మిల్లరు ఈ షరతులకు ఒప్పుకుని మంచి గ్రేడు అటు పంపి, మిగిలినది మన బజారుకు దించుతున్నాడన్న మాట వర్తక వర్గాల్లో వినిపిస్తూనే ఉంది. అది ఎంత వరకు నిజమైనా, అదే కాగితం మన టోకు వర్తకుడు ఎందుకు పంపకూడదు?

పది ఇరవై కిరాణా కొట్లకు సరుకు వేసే టోకు వర్తకుడు ఒకే మిల్లుతో, ఒకే గ్రేడుకు ఏడాది ఒప్పందం చేసుకోవచ్చు. ధర మార్కెట్టును బట్టి మారినా గ్రేడు మారకూడదు. లాటు మారితే ఆ మాట చిల్లర వర్తకునికి ముందుగా చెప్పాలి. కావలసిన వారికి సొంత పేరుతో కిలో ప్యాకెట్టు కట్టి, తూకం, గ్రేడు, లైసెన్సు నంబరు స్పష్టంగా ముద్రించాలి. దానిపై 5 శాతం పన్ను పడినా ప్రకటన ఖర్చు లేదు గనుక పేరున్న బ్రాండుతో పోటీకి నిలుస్తుంది. విడి సరుకు కోరేవారికి అదే గ్రేడు బస్తా పక్కనే ఉంటుంది.

బ్రోకర్లకు కూడా ఇందులో పని ఉంది. శాంపిలు గుప్పిట పట్టి, గింజ కొరికి రకం చెప్పగల అనుభవం వారిది. ధర కుదిర్చి దలాలీ తీసుకునే పని ఫోను మీద ఎవరైనా చేస్తారు. దిగిన లాటు ఒప్పందపు గ్రేడుకు సరిపోయిందని నిలబడి చెప్పే మనిషికి మాత్రం గిరాకీ తగ్గదు. ఆ బాధ్యత నెత్తిన వేసుకోని బ్రోకరును రెండు వైపుల వారూ క్రమేణా పక్కన పెడతారు.

కొనుగోలుదార్లు చౌక వైపు పోవడాన్ని తప్పు పట్టి లాభం లేదు. మన వర్తకులు కూడా బజారులో ఆ పనే చేస్తారు. శెట్టిగారి బస్తా, సూపర్‌మార్కెట్టు ప్యాకెట్టు ఒకే మిల్లు నుంచి వస్తున్నంత కాలం పోటీ అసాధ్యమేమీ కాదు. వచ్చే నెల మా ఇంటి కందిపప్పు శెట్టిగారి దగ్గరే కొనాలని నిర్ణయించాం. ఒకే లాటు మూడు నెలలు ఇస్తానని ఆయన మాట ఇచ్చారు. ఆయన ఆ మాట నిలబెట్టుకోవడం, ఆయనకు బస్తా వేసే టోకు వర్తకుని చేతిలో ఉంది.