పాత గడ్డికోత యంత్రం: కొనడమా, మానడమా?

పదవీ విరమణ చేసిన మిత్రుని ఇంటిముందు లారీ ఆగిన రోజున ఇరుగుపొరుగువారికి రెండు పరీక్షలు ఎదురవుతాయి. కంట తడి పెట్టకుండా వీడ్కోలు పలకడం మొదటిది. ఆయన వెంట తీసుకుపోలేని సామానులో మన వంతుకు ఏది వస్తుందోనన్న బెంగ రెండవది. గత జూన్ చివరి వారంలో మా వీధి చివరి క్వార్టరులోని మిత్రుడు రాజమండ్రికి ప్రయాణమవుతూ తులసికోటను ఒకరికి, నీళ్ళ డ్రమ్మును మరొకరికి ఒప్పగించి, మమ్మల్ని షెడ్డులోనికి తీసుకువెళ్ళి గోనెపట్టా కింద ఉన్న గడ్డికోత యంత్రాన్ని చూపించారు. ఊరకే ఇస్తాననలేదు. "ఆరువేలు. మీరు గనుక" అన్నారు.

ఈ "మీరు గనుక" అన్న మాట ఎంతటి బేరగానినైనా మూగవానిని చేస్తుంది. రెండు రోజులు గడువు కోరి ఇంటికి వచ్చాము. ఈ శీర్షిక చదివే మిత్రులలో క్వార్టరు ముందు నాలుగు గజాల పచ్చిక పెంచుకునేవారు చాలామందే ఉన్నారు. వారిలో ఎవరికైనా రేపో మాపో ఇదే చిక్కు ఎదురుకావచ్చును కనుక ఆ రెండు రోజుల సంగతి వివరంగా రాస్తున్నాము.

యంత్రం చేత్తో తోసేది. రెండు చక్రాల నడుమ పీపా ఆకారంలో తిరిగే అయిదు బ్లేళ్ళ రీలు, దానికి దిగువన కదలకుండా ఉండే అడుగు బ్లేడు, వెనుక ఒక కొయ్య రోలరు, పొడవైన హ్యాండిల్. మిత్రుడు కూడా దీనిని కొత్తగా కొన్నది కాదు. ఇరవై ఏళ్ళ క్రితం గెస్ట్ హౌసు సామాను కండెమ్ చేసినప్పుడు "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే" అన్న షరతుపై వేలంలో పాడుకున్నారు. ఆ షరతుకు అర్థమేమిటో స్టోర్సు విభాగంలో పనిచేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. కొన్న తరువాత ఫిర్యాదు వినే నాథుడు ఉండడు.

ఈ తరహా యంత్రం పుట్టి రెండు వందల ఏళ్ళు కావస్తున్నది. ఇంగ్లండులో స్ట్రౌడ్ పట్టణం దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరు 1830లో దీనికి పేటెంటు పొందాడు. ఆ ప్రాంతం ఉన్ని బట్టల మిల్లులకు ప్రసిద్ధి. నేసిన బట్టపై లేచే నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, ఇదే పద్ధతిలో గడ్డిని ఎందుకు కోయరాదని ఆయనకు తోచింది. అంతవరకు ప్రభువుల పచ్చికలను కొడవళ్ళు పట్టిన పనివారు, లేదా గొర్రెల మందలు చదును చేసేవి. తరువాత పెద్ద యంత్రాలను గుర్రాలు లాగేవి; పచ్చికపై గిట్టల గుర్తులు పడకుండా వాటికి తోలు జోళ్ళు తొడిగేవారు. మన దేశపు క్రికెట్ మైదానాలలో ఆ పని ఎడ్లు చేశాయి. జోళ్ళు తొడిగే మర్యాద వాటికి దక్కిందో లేదో! పళ్ళెంలా అడ్డంగా తిరిగే బ్లేడు గల యంత్రాలు ఇరవయ్యో శతాబ్దంలో ఇంటింటికీ చేరాయి. సిడ్నీ నగరంలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ 1952లో పండ్ల డబ్బాను పెట్రోలు ట్యాంకుగా బిగించి తయారు చేసిన నమూనా నుంచే ఆస్ట్రేలియాలో 'విక్టా' యంత్రాలు పుట్టాయి.

ఇక మా లెక్క. మా పచ్చికను ఏళ్ళ తరబడి కోస్తున్నవాడు ఒకడు ఉన్నాడు. అతనికి చక్కని పేరు ఉన్నా, టౌన్‌షిప్ అంతా అతనిని ఊరి పేరుతో "కిష్టారం" అనే పిలుస్తుంది. కొడవలితో గొంతుక్కూర్చుని ఒక పూటలో కోస్తాడు. కోతకు 400 రూపాయలు. వానకాలంలో తరచుగా, మిగతా నెలలలో అరుదుగా, ఏడాదికి 14 కోతలు. మాకు ఇంకా 26 నెలల సర్వీసు మిగిలి ఉంది. ఆ లోపున 30 కోతలు, అనగా 12,000 రూపాయలు. యంత్రానికి 6,000, పదునుకు, బేరింగులకు మరో 2,000 వేసుకున్నా 8,000 దాటదు. నాలుగువేలు మిగులు. కాగితం మీద యంత్రమే గెలిచింది.

ఇంటావిడ ఆ కాగితం చూసి ఒకే ప్రశ్న వేసింది. "తోసేదెవరు?"

యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఆ లెక్కలో ఎక్కడా లేవు. కిష్టారం చేత తోయిద్దామంటే కూలి ఇవ్వక తప్పదు. అప్పుడు మిగులు మాట దేవుడెరుగు. మేమే తోస్తే అతని 400 పోతాయి. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ 400 ఏ ఇంటికి చేరుతున్నదో మాకు తెలుసు.

కిష్టారం అన్నది గోదావరికి అవతల, రాష్ట్ర సరిహద్దు దాటిన తరువాత వచ్చే అడవి గ్రామం. ఒకప్పటి బస్తరు జిల్లా, తరువాత దంతెవాడ, 2012 నుంచి సుక్మా జిల్లా, తహసీలు కోంటా. జిల్లా పేర్లు ఎన్ని మారినా ఆ దిక్కు జనానికి పెద్ద ఊరు భద్రాచలమే. సంత, ఆసుపత్రి, రాములవారి కల్యాణం అన్నీ ఇటువైపే. దోర్లా, కోయ కుటుంబాల మాటలో తెలుగు సగం కలిసి ఉంటుంది. 2005లో దక్షిణ బస్తరులో ఘర్షణలు చెలరేగినప్పుడు వేలాది మంది ఊళ్ళు విడిచి నాటి ఖమ్మం జిల్లా అడవుల అంచుకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఇతని కుటుంబమూ ఆ రోజులలోనే వచ్చింది. మిరప కోతలకు పోగా మిగిలిన రోజులలో మా టౌన్‌షిప్ గడ్డి.

పని మొదలుపెట్టిన కొత్తలో అతడు అన్న మాట ఒకటి మాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇంటి ముంగట గడ్డి పెంచుతున్నరేంది సారూ? మా ఊళ్ళ వాకిట్ల గడ్డి మొలిస్తే ఆ ఇంట్ల మనుషులు లేరనుకుంటరు." వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, పురుగూ పుట్రా చేరకుండా నున్నగా ఉంచుకునే ఇళ్ళలో పెరిగిన మాట అది. మా అమ్మమ్మగారి ఊరిలోనూ అంతే కదా అనుకున్నాము. కాసేపటికి అతడే, "మేం ఇటొచ్చినంక మా వాకిట్ల గూడ మొలిచే ఉంటది" అని కొడవలి నూరుకోసాగాడు. అప్పుడు మాకు ఏమి అనడానికీ తోచలేదు.

మరునాడు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని యంత్రం దగ్గరకు వెళ్ళాము. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదంటారు గాని, డబ్బిచ్చి కొనే ఆవుకు ఎంచవలసిందే. ఆయన ముందుగా చక్రాలను పైకి లేపి రీలును వేలితో తిప్పారు. గరగరమంటే బేరింగులు పోయినట్టు. రీలును పక్కలకు కదిపి చూశారు; ఊగులాట ఉంటే ఎంత పదును పెట్టినా కోత సమంగా రాదు. తరువాత అసలు పరీక్ష. రీలు బ్లేడుకూ అడుగు బ్లేడుకూ నడుమ కాగితపు ముక్క ఉంచి మెల్లగా తిప్పాలి. కత్తెరతో కోసినట్టు తెగితే మంచిది, మడత పడి నలిగితే అరిగినట్టు. అందుకు చేతికి దొరికిన కాగితం మన పత్రిక పాత సంచికే. చివరలలో చక్కగా తెగింది. నడుమ రెండు అంగుళాల మేర మడత పడింది. (ఆ పుటలో ఉన్నది ఈ శీర్షికే. తెగని భాగాన్ని ఇంటికి తెచ్చుకున్నాము.) రుబ్బుడు ముద్ద పూసి రీలును వెనుకకు తిప్పుతూ పోతే ఆ లోపం సరి అవుతుందని, అడుగు బ్లేడు వంగి ఉంటే మాత్రం వదులుకోవడమే మేలని ఫిట్టరుగారు చెప్పారు. ఇది వంగలేదు.

పెట్రోలు యంత్రం కొనదలచినవారు చల్లగా ఉన్న ఇంజనునే స్టార్టు చేయించి చూడాలన్నది ఆయన సలహా. మనం వెళ్ళేసరికి ఇంజను వెచ్చగా ఉంటే అమ్మేవారు ముందే ఏదో తంటాలు పడ్డారన్నమాట. తాడు లాగేటప్పుడు చేతికి గట్టి ఎదురు తగలకపోతే కంప్రెషన్ లేదు. నాలుగు స్ట్రోకుల ఇంజను నీలి పొగ వదిలితే ఆయిలు మండుతోంది. నిరుటి పెట్రోలు ట్యాంకులో నిలిచి ఉంటే కార్బురేటరు జిగటబారి ఉంటుంది. శుభ్రం చేయిస్తే సరిపోతుంది కనుక దానికి భయపడనక్కరలేదు, ధర తగ్గించమని అడగవచ్చును. బ్లేడు బిగించే ఇరుసు వంకర తిరిగి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. కరెంటు యంత్రం మాటకు వస్తే, తడి గడ్డిపై అతుకుల వైరు ఈడ్చుకుంటూ తిరగడం కన్నా కొడవలి వెయ్యి రెట్లు క్షేమం. భద్రతా వారోత్సవాలలో ప్రతిజ్ఞ చేసి, ఇంటి దగ్గర ఆ పని చేసేవారిని మేము ఎరుగుదుము.

యంత్రాన్ని మా ఇంటికి దొర్లించుకువచ్చి పచ్చికపై తోసి చూశాము. అరుగు పక్కన గరిక పొట్టిగా ఉన్నచోట ముచ్చటగా కోసింది, వెనుక తివాచీ పరచినట్టు చార వచ్చింది. మేము అక్కడే కొనేద్దామనుకున్నాము. ఇంతలో ప్రహరీ వైపు, తొలకరి వానలకు తుంగ పిక్కల ఎత్తు పెరిగినచోటికి చేరింది. అక్కడ గడ్డి తెగలేదు. యంత్రం ముందు ఒరిగి, రోలరు కింద పడుకుని, మేము దాటిపోగానే తిరిగి లేచి నిలబడింది. కోతకు వచ్చిన కిష్టారం అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు.

"ఇది గడ్డి కొయ్యదు సారూ, మీసాలు కత్తిరిస్తది" అన్నాడు.

నిజమే. రీలు యంత్రం స్వభావమే అంత. గడ్డిని వారం పదిరోజులకొకసారి, పొడవులో మూడోవంతుకు మించకుండా కోస్తూ ఉండేవారికే అది పనికివస్తుంది. జులైలో మా ప్రాంతపు ముసురు పట్టిందంటే పదిహేను రోజులు పచ్చికలో అడుగు పెట్టే వీలుండదు. ఆ తరువాత కొడవలి పట్టక తప్పదు. మాకు అది అక్కరకు రాదని తేలింది. మనసులో పెద్ద బరువు దిగింది. అతని కూలీ పోదు, మిత్రునికి చెప్పడానికి కారణమూ దొరికింది.

కాని కిష్టారం లేచి వెళ్ళి యంత్రాన్ని తలకిందులు చేశాడు. ఎద్దును కొనేవాడు డెక్కలు చూసినట్టు చక్రాలు చూశాడు. కొడవలి మొనతో బ్లేడు తట్టి చెవి ఒగ్గి విన్నాడు. "ఇనుము మంచిది. ఎంతంటుండు ఆ సారు?" అని అడిగాడు. ఆరువేలన్నాము. ఏమీ అనలేదు. సాయంత్రం తానే మిత్రుని ఇంటికి వెళ్ళి, లారీలో ఎక్కిస్తే చోటు దండగ, అక్కడ మేడ మీద ఇంటిలో పెట్టుకునేందుకు తావు లేదు అని నచ్చజెప్పి, 2,500కు బేరం కుదుర్చుకుని వచ్చాడు. "మీరు గనుక" అన్న మాట అతని దగ్గర పనిచేయలేదు. చేతిలో వెయ్యి ఉన్నది. మిగిలిన 1,500 మేము ఇచ్చి, కోతలలో విరగ్గోసుకునేటట్టు మాట అనుకున్నాము. నాలుగు కోతలలో తీరిపోయింది, పైగా వంద రూపాయలు మేమే బాకీ పడ్డాము.

ఫిట్టరుగారు ఒక ఆదివారం కూర్చుని పదును పెట్టి ఇచ్చారు, కూలి పుచ్చుకోలేదు. ఇప్పుడు కిష్టారం పొడవాటి గడ్డిని కొడవలితో పైపైన దించి, తరువాత యంత్రం తోస్తాడు. పూటకు ఒక ఇల్లు కోసేవాడు మూడు ఇళ్ళు కోస్తున్నాడు. అధికారుల క్లబ్బు పచ్చిక కూడా అతనికే వచ్చింది. వినాయక చవితికి గరిక కోసం వచ్చే పిల్లలు మా పచ్చికలో పొడవైన పోచలు దొరకక అతనిని తిట్టుకుంటూ పోయారు. దసరా దాటగానే కోతకు 450 అడిగాడు. ఎందుకని అంటే "పదును ఖర్చు సారూ" అన్నాడు. అతని కూలీ గురించి నిద్ర మానుకున్న మేమే ఆ యాభై కోసం అరగంట వాదించి ఓడిపోయాము.

గుడిసె కురుస్తుందని యంత్రాన్ని మా మెట్ల కింద పెట్టి వెళుతుంటాడు. ఫిబ్రవరిలో, దగ్గరి బంధువుల ఇంట పెళ్ళి అని నాలుగు రోజులకు కిష్టారం వెళ్ళాడు. యంత్రం మెట్ల కిందే ఉంచి, గోనెపట్టా కప్పి, కొడవలి మాత్రం సంచిలో వేసుకుని వెళ్ళాడు.