'ఆటో' విత్తనం మన కొండకి ఎందుకు?

పోయిన నెల మా ఊరి తమ్ముడొకడు వీడియో పంపించాడు. ఏదో దేశంలో ఒకాయన కుండీలో గంజాయి మొక్క చూపిస్తున్నాడు. మోకాలెత్తు కూడా లేదు, నిండా పువ్వే. కింద మా తమ్ముడు రాసిన మాట: "అన్నా, ఇది ఆటో ఫ్లవరింగ్ అట. సీజన్‌తో పని లేదు, రెండున్నర నెలల్లో అయిపోద్ది. పొట్టి మొక్క, డ్రోన్‌కి కూడా కనపడదట. సంతలో ఒకాయన విత్తనం ఇస్తానంటున్నాడు."

వాడికి ఫోన్లో కొంత చెప్పాను. మిగతాది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ముందు మొక్క సంగతి. మామూలు గంజాయి మొక్క రాత్రిని కొలుస్తుంది. రాత్రులు పొడుగైతేనే పువ్వుకొస్తుంది. ఇది మనకి కొత్త కాదు. మన పాత కంది అంతే, అరకు లోయలో వలిసెలూ అంతే. జూన్‌లో వాన పడ్డాక వేస్తాం, పొద్దు కుంచించుకుపోయాక పూస్తాయి. మన అమ్మమ్మలు క్యాలెండర్ చూసి చెప్పలేదు, చేను చూసి చెప్పారు.

రష్యా వైపు పరిస్థితి వేరు. అక్కడ నడి వేసవిలో పగలు పదహారు గంటలుంటుంది. రాత్రి పొడుగయ్యే దాకా ఆగితే మంచు పడి మొక్క చచ్చిపోతుంది. అందుకని అక్కడ గట్ల మీద, బీళ్ళలో దానంతటదే మొలిచే ఒక పొట్టి రకం ఇంకో దారి పట్టింది. రాత్రిని లెక్కపెట్టదు, తన వయసునే లెక్కపెట్టుకుంటుంది. మొలిచిన మూడు నాలుగు వారాలకి పగలెంత ఉన్నా పూసేస్తుంది. 1924లో ఒక రష్యా శాస్త్రవేత్త దీనికి రుడెరాలిస్ అని పేరు పెట్టాడు. అందులో మత్తు చాలా తక్కువ. చాలా ఏళ్ళు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత బ్రీడర్ల కన్ను పడింది. పదో తరగతి జీవశాస్త్రంలో మెండెల్ బఠాణీలు గుర్తున్నాయా? ఇదీ అదే లెక్క. వయసుకి పూసే గుణం సాధారణంగా అంతర్గత లక్షణం. మత్తు ఎక్కువున్న మొక్కతో కలిపితే మొదటి తరంలో ఆ గుణం దాక్కుంటుంది. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే రెండో తరంలో నాలుగింట ఒకటి చొప్పున బయటికొస్తుంది. వాటిని ఏరి, మళ్ళీ మత్తున్న రకంతో కలిపి, మళ్ళీ ఏరి, ఇట్లా తరాల తరబడి చేశారు. 2000 తర్వాత తొలి ఏళ్ళలో 'లోరైడర్' అనే రకం బజారులోకి వచ్చింది. మొదట్లో ఈ రకాల్లో పస లేదన్నారు. ఇప్పుడు విత్తనాల కంపెనీల జాబితాల్లో ఇవి పేజీలకి పేజీలున్నాయి. పని గొప్పదే, నేను కాదనను. మొక్కల పెంపకం తెలిసినవాళ్ళ ఓపిక అది.

కానీ చూడండి, అది ఎవరి కష్టానికి మందు? పొడుగు పగళ్ళున్న చలిదేశం వాళ్ళకి. మన ఏజెన్సీలో ఏడాదిలో అతి పెద్ద పగలే పదమూడు గంటల చిల్లర. ఇక్కడ ఏ మొక్కకీ పువ్వు పూయడం సమస్య కాదు. మరి ఇక్కడికెందుకు తెస్తున్నారు? తొందరగా అవుతుందని, దాచొచ్చని. ఆ తొందర షావుకారిది. దాచాల్సిన అవసరం కూడా ఆయనదే. పట్టుబడితే కేసు మాత్రం మనది.

ఇంకో మెలిక ఉంది. మామూలు మొక్కకి కొమ్మ తుంచి నాటుకోవచ్చు. ఆటో మొక్క కొమ్మకి కూడా తల్లి వయసే వస్తుంది, నాటినా ఎదగకుండానే పూసేస్తుంది. పైగా అమ్మేవి ఎక్కువగా ఆడ మొక్కలే వచ్చేలా చేసిన విత్తనాలు. మగ మొక్క లేకపోతే గింజ కట్టదు. అంటే ప్రతిసారీ ఆ ప్యాకెట్ దగ్గరికే వెళ్ళాలి. విత్తనం కుండలో దాచుకునే జాతి మనది. ప్యాకెట్‌కి అలవాటు పడితే ఏమవుతుందో పత్తి చేలల్లో చూడలేదా?

పొద్దుతో పని లేని పంటలన్నీ చెడ్డవని అనను. బోర్లాగ్ గోధుమ ఏ దేశంలో వేసినా పండడానికి ఈ గుణమూ ఒక కారణం. తక్కువ కాలం కంది మీద పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జరిగిన పని మనకీ అక్కరకొస్తుంది. తిండి గింజకైతే సరే.

ఇప్పుడు చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాపు ఉన్న కొసలు. విడిగా ఉన్న గింజ ఆ నిర్వచనంలోకి రాదు. కాబట్టి ప్యాకెట్ అమ్మినోడికి జారిపోయే సందు ఉంది. నాటినోడికి లేదు. ఏ రకం మొక్కైనా, అరవై రోజులదైనా ఆరు నెలలదైనా, సాగు చేస్తే పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. మన భూమిలో ఇంకొకడు వేశాడని తెలిసి చెప్పకపోయినా నేరమే. పట్టా మన పేరున ఉంటుంది కదా, గుర్తు పెట్టుకోండి.

మా పెదనాన్న కొడుకు నాటనైనా లేదు. ఐదు వేలకి ఒక సంచి మోశాడు. అందులో 24 కేజీలు. 20 కేజీలు దాటితే చాలు, కమర్షియల్ కింద పడిపోద్ది, శిక్ష పదేళ్ళ నుంచి మొదలు. బెయిల్ దొరకడం గగనం. ఛార్జిషీటుకే 180 రోజులు గడువు. సంచి నింపించినోడి పేరు కాగితాల్లో ఎక్కడా లేదు. పెద్దమ్మ నెలకోసారి రెండు బస్సులు మారి, కోర్టు వాయిదాలో వాణ్ణి చూసి వస్తుంది. కాఫీ చెట్ల కింద మిరియాలు ఎవరూ కోయక రాలిపోయాయి.

2021లో 'పరివర్తన' అని ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. మన ఊళ్ళవాళ్ళే ముందుండి నరికిన చోట్లూ ఉన్నాయి. నరికింది మంచిదే. శీలావతి మన తాతల పంట కాదు, మైదానం డబ్బుతో పెరిగిన పంట. కానీ నరికాక పెట్టుబడి పెట్టినోళ్ళ మీద ఎన్ని కేసులు, మోసినోళ్ళ మీద ఎన్ని? ఆ లెక్క ప్రభుత్వం మండలాలవారీగా బయట పెట్టాలి. సంచి మోసిన పిల్లలకి మంచి వకీలుని ఇవ్వాలి. కాఫీకి, మిరియాలకి జీసీసీ ధర తోటలో పని మొదలవకముందే చెప్పాలి. అటు కెనడా 2018 నుంచి ఈ మొక్కతో చట్టబద్ధంగా వ్యాపారం చేస్తోంది. అక్కడ బ్రీడర్‌కి పేరు, కంపెనీకి లాభం. ఇక్కడ మన పిల్లాడికి ఖైదీ నంబరు.

"మరి ఏం వెయ్యమంటావన్నా?" అని తమ్ముడు అడిగాడు. వాళ్ళ నానమ్మ దగ్గర మూడు రకాల కందులు, రెండు రకాల సామలు ఉన్నాయి. 2001 చట్టం కింద రైతు రకంగా వాటిని నమోదు చేసుకోవచ్చు, రైతుకి రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. దాంతో రేపే డబ్బులు రావు, ఆ మాట కూడా వాడికి దాచకుండా చెప్పాను. కాగితాల పని నేను చూస్తానన్నాను.

సంతలో ఆయన మళ్ళీ వస్తే పేరేంటి, ఏ ఊరు అని అడగమన్నాను. అడిగాడట. ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చాడట.