మిత్రుడికి రాసిన దారి

ధైర్యం కావాలన్న పిల్లలకు నేనిచ్చే పుస్తకం ‘కాశీయాత్ర చరిత్ర’. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే దుభాషిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న దాదాపు వంద మందిని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరాడు. మన దేశంలో ప్రయాణికుల రైలు రావడానికి ఇంకా 23 ఏళ్లుంది. అడవులు, ఏరులు, కనుమలు దాటి, కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇంటికి తిరిగొచ్చాడు. ఆయన ధైర్యం జబ్బలు చరుచుకునే రకం కాదు. రేపటి మజిలీలో మంచినీళ్లు దొరుకుతాయా, బియ్యం పప్పులు దొరుకుతాయా, పల్లకీ బోయీలు ఎంత దూరం మోయగలరు అని ముందే కనుక్కుని నడిచే ధైర్యం. మనలాంటి మామూలు మనుషులకు కావలసింది అదే. ఇంకొక మాట నా మనసుకు మరీ దగ్గర. ఆ పుస్తకం లోకం కోసం మొదలవలేదు. దారిపొడుగునా చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాలుగా రాశాడు. 1836లో వీరాస్వామయ్య కన్నుమూస్తే, ఆ మిత్రుడే పూనుకుని 1838లో అచ్చు వేయించాడు. ఒకరు నడిచారు, ఇంకొకరు ఆ నడకను చెరిగిపోకుండా కాపాడారు. తెలుగులో మన తొలి గొప్ప యాత్రాగ్రంథం ఒక స్నేహం చేసిన పని. అందుకే దీన్ని ఒంటరిగా చదవొద్దంటాను. ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రోజుకొక మజిలీ చొప్పున పైకి చదవండి. పుస్తకం పూర్తయ్యేసరికి బయల్దేరే ధైర్యమూ వస్తుంది, తోడు వచ్చే మనిషీ దొరుకుతాడు.