పాకలో సూదిమందు మానుదము, దూడను బ్రతికించుకొందము

పాడిరైతు సోదరులకును, తెల్లవారకమునుపే లేచి పాలు పితుకు అక్కచెల్లెండ్రకును విజ్ఞప్తి.

గేదె చేపుటకై పూటపూట దానికొక సూది పొడుచు అలవాటు, ముఖ్యముగా పట్టణముల చెంత పాలవ్యాపారమునకై పశువులను నిలిపిన పాకలలో, ఎంత సామాన్యమైపోయినదనగా, ఆ పేరులేని సీసాలో నున్న మందేమి, దానినెవరు చేసిరి, ఏ పశువైద్యుడు దానిని వాడుమనెను అని యడుగువారే కరవైనారు. ఆ మందు ఆక్సిటోసిన్. అది పాలు పితుకు పాకను వీడి పశువైద్యుని చేతికి చేరవలెననియు, అది ఆక్రమించిన చోటికి దూడ తిరిగి రావలెననియు ఈ కరపత్రము కోరుచున్నది.

ఆక్సిటోసిన్ ప్రతి తల్లి దేహమునను సహజముగా పుట్టు హార్మోను. మెదడు అడుగున హైపోథలమస్ అను భాగమున తయారై, పిట్యూటరీ గ్రంథి వెనుకభాగమున నిలువయుండి, దూడ చన్ను నోటబట్టి పొదుగును కుమ్మినపుడు ఆ స్పర్శ నరముల వెంట మెదడును చేరగా, అది నెత్తుటిలోనికి విడుదలయై, పొదుగునందలి పాలతిత్తులను చుట్టియున్న సూక్ష్మ కండరకణములను బిగియజేయును. అంతట పాలు నాళముల గుండ చన్నులలోనికి దిగును. పిట్యూటరీ సారమునకు గర్భాశయమును ముడుచుకొనజేయు శక్తి కలదని 1906లో హెన్రీ డేల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తెలిపెను. 1953లో అమెరికా రసాయనవేత్త విన్సెంట్ డూ విగ్నో ఈ హార్మోనును ప్రయోగశాలలో నిర్మించి, 1955లో నోబెల్ బహుమానమందెను. నాటినుండి నేటివరకు బాలింతల రక్తస్రావము నరికట్టుటయందును, ఈనుచున్న పశువునకు నొప్పులు మందగించినపుడును, ఈనిన పిమ్మట గర్భాశయము ముడుచుకొననపుడును ఈ మందు ఎన్ని ప్రాణములను నిలిపినదో చెప్పనలవి కాదు. ఇట్టి మందును నిందించుట మా యుద్దేశము కాదు. దాని దుర్వినియోగమును మాన్పుటయే మా కోరిక.

గేదెయే ఈ సూదికి ఎక్కువగా గురియగుటకు కారణము దాని పొదుగులోనే కలదు. ఆవు పాలలో సుమారు ఐదవ వంతు పితుకుటకు మున్నే చన్నుల పైనున్న కుహరమున దిగియుండును. గేదె పాలలో అట్లు దిగియుండునది నూటికి అయిదు పాళ్లకు మించదు. కావున చేపనిదే గేదె పాలియ్యదు. బెదరినను, దెబ్బ తిన్నను, క్రొత్త చేయి తగిలినను, దాని దేహమున అడ్రినలిన్ విడుదలయై చేపును అడ్డగించును. ఇట్టి పశువు ఎదుట దూడ లేకుండిన గతియేమి? దున్నదూడ పుట్టినచో దానికి విడిచిన ప్రతి లీటరును నష్టమని యెంచి, పాలు చాలనియ్యక, అది క్రుంగి కృశించి చచ్చువరకు ఉపేక్షించువారు కలరు. దూడ చచ్చిన మూడవనాడు తల్లి చేపుట మానును. నాలుగవనాడు సూది వచ్చును. సూదికి మూలము దూడచావున నున్నదని గ్రహింపక, దుకాణములను మాత్రము దూషించిన ప్రయోజనము లేదు.

ఈ సూదివలన పాలు పెరుగునను నమ్మకమొకటి కలదు. ఆక్సిటోసిన్ పాలను పుట్టింపదు. పొదుగులో నున్న పాలను వెలికి త్రోయును. ఎంత నేర్పుతో పితికినను పొదుగున కొంత శేషము నిలుచును. సూది దానిని కూడ పిండుటచేత మొదటి దినములలో చెంబు నిండినట్లు తోచును. అటుపిమ్మట పశువు అలవాటు పడును. దినదినము బయటి హార్మోను నెక్కించిన పశువులు ఆ మందు లేనినాడు తమంతట తాము సరిగా చేపవని పరిశోధనలు తేల్చినవి. అనగా నేడు సౌకర్యమైనది రేపు బంధమగుచున్నది. ఇంతకంటె పెద్ద నష్టము చూడికి సంబంధించినది. ఎద గడిచిన తొలివారమున పెయ్యలకు ప్రతిదినము ఆక్సిటోసిన్ ఎక్కించగా, గర్భమును నిలుపు ప్రొజెస్టిరోను నిచ్చు కార్పస్ లూటియం సరిగా పెరుగక, అవి అకాలముగా మరల ఎదకు వచ్చెనని 1959లో ఆర్మ్‌స్ట్రాంగ్, హాన్సెల్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మరల చూడి కట్టవలసిన గేదెకు అట్టి మందును పూటపూట పొడుచువాడు రెండు గ్లాసుల పాలకై రాబోవు ఈతనే పణముగా పెట్టుచున్నాడు. ఒకే సూదితో పాకలోని పశువులనన్నిటిని పొడుచుటచే కలుగు చీముగడ్డలును, అంటురోగములును దీనికి అదనము.

ఇచట ఒక సత్యమును దాచరాదు. ఈ సూది వేసిన పాలు త్రాగిన బాలికలు త్వరగా వ్యక్తలగుదురను మాట ఊరూర వినబడుచున్నది. ఆక్సిటోసిన్ మాంసకృత్తుల జాతికి చెందిన చిన్న గొలుసు. నెత్తుటిలో నిమిషములలో క్షీణించును, కడుపులోనికి పోయినచో జీర్ణరసములచే ముక్కలగును. కావున ఆ భయమునకు ఆధారము లేదు, దానిపై మా వాదమును నిలుపము. పాల సేకరణ కేంద్రమునకు వచ్చిన పాలను పరీక్షించి సూది వేసిన పాకను పట్టుకొనుట కూడ సాధ్యము కాదు. ఏలయన పశువు తనంతట విడుదల చేయు హార్మోనుకును, సూదిలోని హార్మోనుకును భేదము లేదు. తనిఖీ పాకలో జరుగవలెను.

పాలకై పశువును హింసించుట క్రొత్త కాదు. పాలు దిగుటకై పశువు జననాంగములోనికి గాలి ఊదు ఫూకా యను క్రూరకృత్యమును గూర్చి తెలిసికొనియే గాంధీమహాత్ముడు ఆవు గేదెల పాలను విసర్జించెను. జంతుహింసా నివారణకై 1960లో చేసిన చట్టము 12వ విభాగమున ఫూకాను, పాడి హెచ్చించుటకై ఆరోగ్యమునకు హానికరముగా ఎక్కించు ఇంజక్షన్లను నేరములుగా పరిగణించి, వేయి రూపాయల వరకు జుల్మానా గాని, రెండేండ్ల వరకు ఖైదు గాని, రెండును గాని విధించి, పశువును ప్రభుత్వపరము చేయవలెననుచున్నది. చట్టము కలదు; పాకలోనికి తొంగిచూచువారు లేరు. 2018లో కేంద్రప్రభుత్వము ప్రైవేటు కర్మాగారములను ఈ మందు చేయరాదని నిషేధింపగా, బాలింతల ప్రాణములకు ముప్పు వాటిల్లునన్న వాదమును ఆలించి, ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ యేడు డిసెంబరులో ఆ నిషేధమును కొట్టివేసెను. ఆసుపత్రికి మందు అందకుండ చేసి పాకను సంస్కరింపజాలమనుటకు ఇంతకంటె వేరు నిదర్శనమేల?

కావున మేము కోరునవి ఇవి:

1. దూడకు ఈనిన గంటలోనే జున్నుపాలు త్రాగింపవలెను. మొదటి నెల దాని బరువులో పదవ వంతు పాలు, అనగా 30 కిలోల దూడకు దినమునకు 3 లీటర్లు విడువవలెను. పిమ్మట క్రమముగా తగ్గించి, దాణాయు పచ్చిగడ్డియు అలవరుపవలెను.

2. ఒకే వేళకు, ఒకే చేతితో, గోరువెచ్చని నీట పొదుగు కడిగి, దాణా ముందుంచి, దూడను ఒకటి రెండు నిమిషములు కుడువనిచ్చి పితుకవలెను. బొటనవ్రేలు మడిచి చన్ను నొక్కుట మాని పిడికిట పితుకవలెను. దూడ పోయిన గేదెను కొట్టక, కొన్నిదినములు ఓపికతో చేయి అలవాటు చేయవలెను.

3. పశువైద్యుని చీటీ లేనిదే ఆక్సిటోసిన్ అమ్మిన దుకాణముపై, చీటీ అంటింపని సీసాలు తెచ్చు దళారులపై, ఔషధనియంత్రణ శాఖ కేసులు పెట్టవలెను.

4. పాల సంఘములు దూడను బ్రతికించిన సభ్యునకు లీటరుకింతయని అదనపు ధర ఇయ్యవలెను; పశుసంవర్ధకశాఖ వారు పాకలను చూచినపుడు సూదితోబాటు దూడను గూర్చియు అడుగవలెను.

దినమునకు మూడు లీటర్లు దూడకు విడిచిన మా కుటుంబము గడచుటెట్లని పేదరైతు అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. కనుకనే నాలుగవ కోరికను చేర్చితిమి. దూడను పెంచు భారము పాలు త్రాగు పట్టణము కూడ కొంత మోయవలెను. రైతు లాభముకూడ ఇందున్నది: బ్రతికిన పెయ్య మూడు నాలుగేండ్లలో పాడిగేదె యగును, కొన్నదానికంటె చవుకగా దొడ్డిని నిలుపును, సకాలమున చూడి కట్టిన గేదె వట్టిపోయిన నెలల మేత ఖర్చును మిగుల్చును.

ప్రతి గ్రామ పాల సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రవేశపెట్టవలెనని వేడుచున్నాము: "మా సభ్యుల పాకలలో చేపుటకై సూదిమందు వాడము. ఈనిన ప్రతి దూడకు, అది పెయ్యయైనను దున్నయైనను, మొదటి నెల కడుపునిండ పాలిత్తుము. పశువైద్యుడు స్వయముగా చూచి వాడిన మందు తప్ప, హార్మోను సీసా మా యూరి గడప దాటనీయము." చదివినవారు తమ సంఘాధ్యక్షునకు ఈ కరపత్రమును అందజేసి, తీర్మానము క్రింద మొదటి సంతకము తాము చేయుదురు గాక.