ఓపీకి మారితే చులకనా?

మీ అమ్మాయి నర్సు. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగకముందే ‘వార్డు వద్దు, ఓపీకి మారతాను’ అంటోందా? ‘నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివింది బీపీ చూసి రాయడానికా?’ అని తీసిపారేయకండి. అలాగని ‘నైట్ డ్యూటీలుంటే సంబంధాలు రావు, మారిపో’ అని తొందరపెట్టకండి.

ఓపీ తేలిక పనేం కాదు. వార్డులో రోగి షిఫ్టంతా కళ్ల ముందే ఉంటారు. ఓపీలో దొరికేది కొన్ని నిమిషాలే. గ్యాస్ నొప్పంటూ కూర్చున్న మనిషికి చెమటలు పడుతున్నాయని గమనించి వెంటనే ఈసీజీకి పంపాలి. షుగర్ ఉన్నవారి పాదంలో వాళ్లకే తెలియని పుండును పట్టుకోవాలి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో రోగిని మొదట చూసే బాధ్యతను బీఎస్సీ నర్సింగ్ చదివినవారికీ అప్పగిస్తున్నారు.

అయితే రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే కనిపెట్టే చూపు ఎక్కువగా వార్డులోనే అలవడుతుంది. గల్ఫ్ ఆసుపత్రులు చాలావరకు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. అందుకే వీలైతే ఒకటి రెండేళ్లు వార్డులో చేయడమే మేలని నా అభిప్రాయం.

కానీ నిద్ర కరవై, తిండి సహించక, డ్యూటీ టైమవుతుంటేనే కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. వార్డు మార్చమనో, నైట్లు తగ్గించమనో ముందు నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగమనండి. కుదరకపోతే ఓపీకి వెళ్లనివ్వండి. ఆసుపత్రే మారాల్సి వస్తే మాత్రం ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే కదలమనండి.