ఆకు రాలాక పూసే చెట్టు

నా పురుటికి అమ్మ బందరు నుంచి వస్తూ సగం పెట్టె మందులే తెచ్చింది. కాయం, శొంఠి, ఆముదం, మరలో ఆడించిన సున్నిపిండి. ఆసుపత్రిలో నర్సు కుట్ల దగ్గర పెట్టుకోమని గుండ్రటి తడిబిళ్ళల డబ్బా ఒకటి ఇచ్చింది. అమ్మ మూత తీసి వాసన చూసి, "ఇది ఏ చెట్టుదే?" అంది. అప్పటికి నేను కనెటికట్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. డబ్బా మీద విచ్ హేజెల్ అని చదివి చెప్పానే గాని, ఆ చెట్టు ఎలా ఉంటుందో చెప్పలేకపోయాను. ఆ సిగ్గు నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు.

చెట్టు మా ఇంటి వెనక అడవిలోనే ఉంది. ఈ దీపావళి సంచిక మీకు అందేసరికి పూసి ఉంటుంది. అక్టోబరు, నవంబరులో చుట్టూ అన్నీ ఆకు రాల్చుకుంటుంటే, ఇది మాత్రం పసుపు రిబ్బను పీలికల్లాంటి రేకులతో పూస్తుంది. పేరులోని 'విచ్' మంత్రగత్తె కాదు, వంగే కొమ్మ అని చెప్పే పాత ఇంగ్లీషు మాట. దీని పంగలకొమ్మతో నీటిజాడ చూసేవాళ్ళు ఇక్కడా ఉండేవారు, మన సీమలో వేపపంగతో చూసినట్టే.

విచ్ హేజెల్ వైద్యం ఇక్కడి ఆదివాసులది. బెరడూ కొమ్మలూ కాచి వాపులకీ దెబ్బలకీ వాడేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాలో థెరాన్ పాండ్ 1846లో దీని సారం అమ్మడం మొదలుపెట్టాడు. ఒనైడా తెగ వైద్యుడి దగ్గర నేర్చుకున్నాడని చెప్తారు. మన అమ్మమ్మల అద్దం ముందున్న పాండ్స్ డబ్బా మీది పేరు ఈయనదే. నేర్పిన వైద్యుడి పేరు ఏ డబ్బా మీదా లేదు. 1866లో మా రాష్ట్రంలోని ఎసెక్స్‌లో డికిన్సన్ అనే ఆయన దీని సారం తీసే బట్టీ పెట్టాడు. ఇప్పటికీ ఇక్కడ కొమ్మలు నరికి, ముక్కలు చేసి, ఆవిరితో అర్కం దించుతారు. నరికిన మోడు మళ్ళీ చిగురిస్తుంది.

ఈసారి అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళి చెట్టు చూపించాను. బెరడు గోటితో గీకి నాలుక చివర పెట్టుకుని, "కరక్కాయే" అంది. నిజమే. రెండింటి వగరూ టానిన్‌దే. చర్మం పైపొరను బిగించి చెమ్మనూ చురచురనూ తగ్గించేది అదే. అయితే ఆవిరి పట్టినప్పుడు టానిన్ చాలావరకు బట్టీలోనే ఉండిపోతుంది. మందుల షాపులో దొరికే మామూలు సీసాలో 14 శాతం దాకా ఆల్కహాలు ఉంటుంది. పూయగానే చల్లగా, బిగువుగా అనిపించడంలో దాని వాటా పెద్దది. అందుకే కొనేముందు సీసా తిప్పి చదవమని బతిమాలుతున్నాను. పొడిచర్మం వాళ్ళు, గజ్జి తామర ఉన్నవాళ్ళు ఆల్కహాలు లేనిదే తీసుకోండి. చలికాలం హీటరు గాలికి అసలే బీటలువారే చర్మం ఇంకా ఎండిపోతుంది.

ఈ అర్కాన్ని దోమ కుట్టినచోట దూదితో అద్దితే దురద సర్దుకుంటుంది. గడ్డం గీసుకున్నాక మంటకీ, జిడ్డుముఖం తుడవడానికీ పనికొస్తుంది. బాలింతలు తడిబిళ్ళలను ఫ్రిజ్‌లో చల్లబరిచి పెట్టుకుంటే కుట్ల పోటు కాస్త నెమ్మదిస్తుంది. మనవాళ్ళు చెప్పుకోవడానికి సిగ్గుపడే మొలలకీ ఇవే బిళ్ళలు. సిగ్గుపడి బాధ ఓర్చుకోకండి. ముందుగా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒకరోజు చూడండి. కళ్ళలో పడనివ్వకండి, కాలిన గాయాలకీ లోతు గాయాలకీ వద్దు. పసిపిల్లలకి డాక్టరును అడగకుండా రాయకండి.

ఇది రాస్తే రంగు తేలుతుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తేలదు. తేలుతుందని పిల్లలకి చెప్పకండి. వాళ్ళ రంగుకి ఏ లోటూ లేదు.

మొన్న మా అమ్మాయి కాయలున్న కొమ్మ ఒకటి తెచ్చి తన గదిలో పెట్టుకుంది. దీని కాయలు ఎండి పగిలితే గింజలు 30 అడుగుల దాకా ఎగురుతాయి. అర్ధరాత్రి గది వెచ్చదనానికి టప్ టప్‌మని గోడకి కొట్టుకుంటుంటే అందరం లేచాం. అమ్మ లైటు వేసి, వంగి, నల్లగా నిగనిగలాడే గింజలు ఏరి మనవరాలి అరచేతిలో పోసింది.