ఆ చలిలో మా వంతు

చలికి కరెంటు పోయిన 2021 ఫిబ్రవరి సంగతి ఎత్తితే హ్యూస్టన్‌లో మేం ముందుగా తిట్టే పేరు ఎర్కాట్. టెక్సస్‌లో చాలావరకు కరెంటు గ్రిడ్‌ను నడిపే సంస్థ అది. ఆ తరవాత గవర్నరు, గ్యాస్ కంపెనీలు, ఇంకా ఓపికుంటే గాలిమరలు. ఈ తిట్లలో చాలావరకు న్యాయమే. కానీ ఇన్నేళ్లుగా ఇదే వరసలో తిడుతూ వచ్చాక నాకో అనుమానం పట్టుకుంది. అందులో మా పేరు రాకుండా ఉండటానికే వరసను అంత పొడుగ్గా పెట్టుకున్నామేమో అని. మేమంటే ఈ ఊళ్లో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డవాళ్లం. అందులోనూ కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్ వైపు చేరిన తెలుగువాళ్లం.

హ్యూస్టన్ ఉక్కపోత ఊరు. గల్ఫ్ తీరం కారులో గంట దూరం. ఇక్కడ చలికాలమంటే పొద్దున స్వెట్టరు వేసుకుని మధ్యాహ్నానికి తీసేయడం. మంచు పడిందంటే పండగే. 2004 క్రిస్మస్ ముందురోజున పడింది, మళ్లీ 2008లో, 2009లో, 2017లో కాస్త కాస్త. పడ్డప్పుడల్లా పిల్లల్ని బయట నిలబెట్టి ఫొటోలు తీసుకున్నాం, సాయంత్రానికి కరిగిపోయింది. చలి ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తుందనే నమ్మకం మీద ఇళ్లు కూడా కట్టారు. నీళ్ల పైపులు చాలా ఇళ్లలో అటక మీదుగా పోతాయి. నీళ్లు కాచే హీటరు కూడా ఎన్నో ఇళ్లలో అక్కడే. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మేం అడిగినవి తూర్పు ముఖమేనా, స్కూలు రేటింగ్ ఎంత అని. 2017లో హార్వే తుపాను ముంచాక వరద సంగతి అడగడం కూడా నేర్చుకున్నాం, అది ఒప్పుకోవాలి. ఈశాన్యాన నీళ్లున్నాయా అని చూసిన మేం, ఆ నీళ్లు కొళాయి దాకా ఏ దారిన వస్తున్నాయో మాత్రం చూడలేదు. అటక ఎక్కి చూడమని ఎవరైనా అన్నా ఎక్కేవాళ్లం కాదనుకోండి.

ఫిబ్రవరి 15 తెల్లవారకముందే, రాత్రి ఒంటిగంటా ఇరవైకి, ఎర్కాట్ ఆఖరి దశ అత్యవసరం ప్రకటించి కోతలు మొదలుపెట్టించింది. గ్యాస్ బావులు గడ్డకట్టాయి. బొగ్గు కేంద్రాలు, గాలిమరలు, దక్షిణాన అణుకేంద్రంలో ఒక యూనిట్, ఏదీ పూర్తిగా నిలబడలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్యాస్ వైపునుంచే. 60 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.3కి జారింది. ఇంకో నాలుగున్నర నిమిషాలు ఆ జారుడు ఆగకపోయి ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలి, వారాల తరబడి కరెంటు వచ్చేది కాదని తరవాత తెలిసింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలు చీకట్లో పడ్డాయి. 16వ తేదీన హ్యూస్టన్ విమానాశ్రయంలో మైనస్ పదిన్నర డిగ్రీల సెల్సియస్. రాష్ట్ర ఆరోగ్యశాఖ చివరికి తేల్చిన మృతులు 246 మంది. వాళ్లలో ఎక్కువమందిని చంపింది చలే.

కోతలు వంతులవారీగా ఉంటాయన్నారు. అరగంటో ముప్పావుగంటో ఓర్చుకుంటే మళ్లీ వస్తుందన్నారు. వంతుల కోత మాకు కొత్తా? ఏ ఊరికి ఏ వేళ కోతో పేపర్లో చదివి పిండి రుబ్బుకున్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లం. రాత్రిపూట ఇచ్చే వ్యవసాయం కరెంటు కోసం టార్చిలైటుతో మోటారు దగ్గర కాపలా కాసిన నాన్నల పిల్లలం. వంతు అంటే ఒకరికి తీసి ఇంకొకరికి ఇవ్వడమని, ఆ లెక్క తప్పితే గొడవలవుతాయని మాకు చిన్నప్పుడే తెలుసు. ఇక్కడ మాత్రం లెక్క ఎవరు వేస్తున్నారో కనుక్కోలేదు. ఆసుపత్రులున్న లైన్లు, అత్యవసరమైన లైన్లు పక్కన పెట్టాక తిప్పడానికి మిగిలినవి చాలవు కాబట్టి ఒకసారి పోయిన ఇంటికి వంతు తిరిగి రాదని, చీకట్లో మూడో రోజున ఫోన్లో చదివి తెలుసుకున్నాం. అప్పుడే డౌన్‌టౌన్‌లో మనుషుల్లేని ఆఫీసు మేడలు దీపాలతో మెరుస్తున్న ఫొటోలు వచ్చాయి. కోపంతో వాటిని ఒకరికొకరం పంపుకున్నాం. ఆ మేడల్లో చాలావాటిలో ఉద్యోగం చేసేది మేమే. రాత్రిళ్లు ఎందుకు ఆర్పరని అంతకుముందు ఒక్కనాడూ అడిగినవాళ్లం కాదు.

ఇక కరెంటు కొన్న తీరు. 2002 నుంచి ఇక్కడ ఎవరికి నచ్చిన కంపెనీ దగ్గర వాళ్లు కరెంటు కొనుక్కోవచ్చు. ఏటా కంపెనీ మార్చడం మాకొక విద్య అయింది. రాత్రిళ్లు ఉచితమనే ప్లాన్ తీసుకుని బట్టలుతకడం, అంట్లు తోమే మిషను వేయడం అన్నీ అర్ధరాత్రికి పెట్టుకున్నవాళ్లున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి ఏ ప్లాన్ చవకో చెప్పడంలో మా తెలుగువాళ్ల మెసేజ్ గ్రూపులో నాకు కొంచెం పేరు కూడా ఉంది. యూనిట్‌కి ఎన్ని సెంట్లన్నదే మా ప్రశ్న. అమ్మిన కరెంటుకు తప్ప, అవసరానికి సిద్ధంగా ఉన్నందుకు విడిగా పెద్దగా డబ్బు ముట్టని బజారు ఇది. యంత్రాలకు చలినుంచి రక్షణ పెట్టిన కంపెనీకి ఆ ఖర్చు రాబట్టుకోవడం కష్టం, పెట్టనివాడు చవగ్గా అమ్ముకోగలడు. మేం వెతికింది ఆ చవకనే. చలికి ఆగని కరెంటు, అర సెంటు ఎక్కువ అని ఒక ప్లాన్ కనబడి ఉంటే తీసుకునేవాళ్లమా? తీసుకునేవాళ్లమనే రాయాలని ఉంది. ఆ గ్రూపు పాత మెసేజ్‌లు చదివాక రాయలేకపోతున్నాను.

గ్రిడ్డీ అనే కంపెనీ టోకు ధరకే కరెంటు అమ్మేది. ఆ వారం టోకు ధర మెగావాట్ అవర్‌కి 9000 డాలర్లకు చేరింది, అంటే యూనిట్‌కి 9 డాలర్లు. దాని ఖాతాదారులకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. బుద్ధి లేక ఆ ప్లాన్ తీసుకున్నారన్నాం. వాళ్లూ మాలాగే చవక చూసుకున్నారు, మాకు ఒప్పందంలో ధర కట్టేసి ఉండి బతికిపోయాం. అంతకుమించి మాలో తెలివేమీ లేదు. పైగా ఆ వారపు బాకీలను రాష్ట్రం బాండ్లుగా మార్చి ఏళ్ల మీద పరిచింది. వాటి వాయిదా ఇప్పుడు చిన్న గీతగా బిల్లుల్లో కలిసి వస్తోంది. ఆ గీత ఏమిటో చదవకుండానే ఆటోపే కట్టేస్తోంది.

ముందే తెలిసే వీలు లేదా అంటే, ఉంది. 1989 డిసెంబరులో ఇదే ఊళ్లో మైనస్ 14 దాకా పడింది, అప్పుడూ కోతలు పెట్టారు. 2011 ఫిబ్రవరిలో మళ్లీ చలి, మళ్లీ కోతలు. ఆ ఆగస్టులో కేంద్ర నియంత్రణ సంస్థలు పెద్ద నివేదిక ఇచ్చాయి. యంత్రాలకు, పైపులకు చలి రక్షణ పెట్టండి, 1989 తరవాత కూడా ఇదే చెప్పారు, చాలామంది పట్టించుకోలేదు అని అందులో ఉంది. రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న ఎల్‌పాసో మాత్రం పట్టించుకుంది. అది ఎర్కాట్ గ్రిడ్‌లో లేని ఊరు. అక్కడి కంపెనీ 2011 దెబ్బ తిన్నాక డబ్బు ఖర్చుపెట్టి కేంద్రాలను చలికి ఓర్చుకునేలా చేసుకుంది. 2021లో మేం వణుకుతుంటే వాళ్ల దీపాలు దాదాపు ఆరలేదు. 2011లో మాలో చాలామందిమి ఇక్కడే ఉన్నాం. ఆ ఏడాది ఇండియా గెలిచిన ప్రపంచకప్ ఫైనల్లో ఏ ఓవర్‌లో ఏమైందో ఇప్పటికీ చెప్పగలం. ఆ నివేదిక పేరు మా ఇళ్లలో వినబడిన గుర్తు లేదు.

ఇంకోటి చెప్పాలి, చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. టెక్సస్‌లో గ్యాస్ బావుల మీద, పైపులైన్ల మీద అజమాయిషీ చేసే సంస్థ పేరు రైల్‌రోడ్ కమిషన్. రైళ్లతో దానికి ఇప్పుడు సంబంధం లేదు. పాత పేరు అలా ఉండిపోయింది. దాని సభ్యులు ముగ్గురినీ ఎన్నుకునేది మేమే. ఓటు వచ్చిన కొత్తలో బ్యాలెట్ మీద ఆ గడి చూసి, రైళ్ల గొడవ మనకెందుకులే అని దాటేసినవాళ్లలో నేనొకణ్ణి. మాలో ఎంతోమందికి ఇంకా ఓటు లేదు, గ్రీన్‌కార్డు వరసలోనే ఏళ్లు గడుస్తున్నాయి. అది నిజం. కానీ ఉన్నవాళ్లం వాడిన తీరు చూస్తే, లేకపోవడాన్ని సాకుగా చెప్పే అర్హత మాకు లేదు. ఆ చలిలో గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్లకే కరెంటు తీసేశారు. ఇవి ముఖ్యమైన లైన్లు, తీయకండి అని కోరే ఫారాన్ని చాలా గ్యాస్ కంపెనీలు నింపి ఇవ్వలేదు మరి. కరెంటు పోయి గ్యాస్ ఆగింది, గ్యాస్ ఆగి ఇంకాస్త కరెంటు పోయింది. ఒక ఫారం నింపకపోవడం వల్లనా అని నోరు తెరిచాం. మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, హెచ్‌ఓఏ, పంపే కాగితాలు మా ఇళ్లలో విప్పకుండానే రీసైకిల్ డబ్బాలోకి పోతాయి.

ఆ నాలుగు రోజులూ మేం చేతులు ముడుచుకు కూర్చున్నామని కాదు. కరెంటున్న ఇళ్లు తలుపులు తెరిచాయి. గ్యాస్ పొయ్యి ఉన్నవాళ్లు ఉప్మా, పప్పుచారు పెద్ద గిన్నెలతో కాచారు. రండి వదినా, పిల్లల్ని తీసుకుని వచ్చేయండి అని అర్ధరాత్రి ఫోన్లు చేశారు. ఒక్కో హాల్లో నాలుగైదు కుటుంబాలు పడుకున్నాయి. ఇప్పటికీ ఆ రాత్రుల్ని ఇష్టంగా తలుచుకుంటాం, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. ఆ ఫోన్లన్నీ వెళ్లింది మా ఫోన్లలో ఉన్న నంబర్లకే. గరాజులో కారు స్టార్టు చేసి కూర్చోవద్దు, బొగ్గుల గ్రిల్ లోపల పెట్టుకోవద్దు, విషవాయువుతో చచ్చిపోతారు అని ఎవరో డాక్టరుగారు తెలుగులో చక్కగా రాసి పెట్టారు. మా గ్రూపులన్నీ తిరిగిందది. ఆ వారం టెక్సస్‌లో వందలమంది ఆ వాయువుతోనే ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు పోయారు. మా సబ్‌డివిజన్ ఎదుట రోడ్డు దాటితే అపార్టుమెంట్లు. ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు, మా పచ్చిక కోసేవాళ్లు కొందరు అక్కడే ఉంటారు. ఆ నాలుగు ముక్కలు స్పానిష్‌లోకి మార్చి వాళ్ల గేటుకి అంటించాలని మాలో ఎవరికీ తోచలేదు. మా పిల్లలు బళ్లో చదివేది స్పానిషే.

నా వీధిలోనే రెండిళ్ల అవతల ఒక తెల్లావిడ ఒంటరిగా ఉంటారు, ఎనభై దాటినావిడ. మూడో రోజు మధ్యాహ్నం నీళ్లు రాక, చలికి గడ్డకట్టి పగిలిన మా పైపుకి వాల్వు ఎక్కడుందో అడగడానికి వెళ్లి ఆవిడ తలుపు తట్టాం. సాయానికి వెళ్లామని తరవాత చెప్పుకున్నాం గానీ, వెళ్లింది వాల్వు కోసమే. ఆవిడ కోటు మీద కోటు వేసుకుని మంచంలో ఉన్నారు. బతికే ఉన్నారు. మాదేమీ గొప్ప లేదు అందులో.

ఆ తరవాత ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చారు. పైపులు పగిలి తడిసిన సీలింగులు, అల్మారాలు లెక్కగట్టారు, దాదాపు అందరికీ డబ్బు వచ్చింది. కొందరం ఆ డబ్బుతో వంటింటి గట్టుకు క్వార్ట్జ్ పలకలు వేయించుకున్నాం. ఇంకొందరు ఇల్లంతా నడిపే జనరేటర్లు పెట్టించుకున్నారు. 2024 జులైలో బెరిల్ తుపానుకి ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయి ఊరు ఎండలో మాడినప్పుడు మా వైపు ఆ జనరేటర్లు రాత్రంతా మోగాయి. పెట్టుకున్నవాళ్లని తప్పుపట్టను, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లవి. కాకపోతే జనరేటరు వచ్చిన ఇల్లు గ్రిడ్ గురించి మాట్లాడటం మానేస్తుంది. మాటకారులుగా పేరున్న నలుగురైదుగురు అలాగే మానేశారు. హెచ్‌ఓఏ మీటింగుకి కోరం లేక వాయిదా వేశామన్న మెయిలు వచ్చినప్పుడు, నేనూ వెళ్లనివాళ్లలోనే ఉన్నాను.

2021 జూన్‌లో చట్టం చేశారు, కేంద్రాలకు చలి రక్షణ తప్పనిసరి అన్నారు. పని కొంత జరిగింది. 2025 జనవరిలో గల్ఫ్ తీరమంతా మంచు కప్పేసి హ్యూస్టన్‌లోనూ అంగుళాల లెక్కన పడ్డప్పుడు గ్రిడ్ నిలబడింది. మేం మళ్లీ ఫొటోలు తీసుకున్నాం. ఆ ముందురోజు మాత్రం ఒకామె గ్రూపులో అన్నారు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లు ఒకచోట రాసుకుందాం, రాత్రికి ఒకసారి ఫోన్ చేద్దాం అని. గంటలో పేర్లు పడ్డాయి. ఇండియానుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలు, అత్తామామలు, పిల్లలు వేరే ఊళ్లలో ఉన్న ఒకరిద్దరు రిటైరైన దంపతులు. అన్నీ మన పేర్లే. రెండిళ్ల అవతల ఆవిడ పేరు రాద్దామని తెరిచాను. ఆవిడ ఇంటిపేరు నాకు తెలియదు, ఫోన్ నంబరు కూడా లేదు. తరవాత కనుక్కుని రాద్దాంలే అనుకున్నాను, ఇంకా రాయలేదు.